హోబర్ట్ బాంజో వాయించిన శనివారం

శనివారం పొద్దున మేవిస్ టాకెట్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎండ ముదరకముందే తండ్రి ఇంటి వరండాలో కెమెరా సర్దుకోవాలి. ఉత్సవ మైదానానికి వెళ్లి గాయని మార్లీ క్రెన్‌షాని తీసుకురావాలి. ఆమె పక్కన తండ్రి హోబర్ట్‌ని కూర్చోబెట్టి, ఇద్దరి చేతా ఒక్క పాట వాయింపించి, చిత్రీకరించి, ఆ అమ్మాయిని సాయంత్రం కచేరీ వేళకి క్షేమంగా దింపి రావాలి. అంతే పని.

వారమంతా బడి బస్సు నడిపే మేవిస్‌కి, ఏటా సెప్టెంబరులో జిల్లా మైదానంలో సంగీత ఉత్సవం జరిగే రోజుల్లో మాత్రం వేరే అవతారం. పెద్ద వేదిక దిగిన పాటగాళ్లని చెయ్యి పట్టుకుని ఏ చెట్టు కిందికో, ఏ ట్రక్కు వెనక్కో లాక్కుపోతుంది. స్పీకర్లు ఉండవు, తళుకుబెళుకులు ఉండవు. ఒక గిటారు, ఒక గొంతు. వాటిని కెమెరాలో పట్టి జిల్లా రేడియోవాళ్లకి ఇస్తే వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టి లోకం మీదికి వదులుతారు. సంగీతానికి రాజధాని అనే నాష్‌విల్‌లో పేరు మోసిన వాళ్లు కూడా "మమ్మల్ని మేవిస్ చెట్టు కింద కూర్చోబెట్టింది" అని గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోరా మరి! వాళ్ల పాటల్లో సగం పుట్టింది మా డ్రై ఫోర్క్ లాంటి లోయల్లోనే. ఆ సంగతి వాళ్లకి అప్పుడప్పుడైనా గుర్తు చేసేది టెనెసీ మొత్తంలో మేవిస్ ఒక్కతే.

ఇంతమందిని పట్టిన ఆ కెమెరాకి చిక్కనివాడు ఒక్కడే, ఆమె కన్నతండ్రి. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ పనికిరాకపోవడం కాదు, చెట్టే రానని మొండికేసింది. హోబర్ట్ అంతటి బాంజో వాద్యగాడు ఈ కొండల్లో లేడు. తన భార్య నడకని విని కట్టిన 'ఓనా నడక' అనే పాటని ఎవరో చుట్టం ఎప్పుడో పాత టేపు మీద ఎక్కిస్తే, అది చేతులు మారి టెక్సస్ దాకా పోయింది. దాన్ని వినే తాను వాయించడం మొదలుపెట్టానని మార్లీ రేడియోలో చెప్పింది. ఈ ఉత్సవానికి రాగానే "ఆయన పక్కన కూర్చుని ఒక్కసారి వాయించాలి" అని అడిగింది. ఓనా పోయాక నలుగురి ముందు బాంజో ముట్టని హోబర్ట్, ఆ మాటకి మాత్రం కరిగాడు.

"సరే. కానీ లోయలో ఒక్క పురుగుక్కూడా తెలియకూడదు," అన్నాడు.

"ఎందుకు నాన్నా? తెలిస్తే అందరూ సంతోషిస్తారు కదా."

"వేళ్లు చూడవే, అల్లం కొమ్ముల్లా ఎలా వంకర్లు తిరిగాయో. ఎక్కడో తడబడ్డాననుకో, ఆ పిల్ల రేపు బస్సెక్కి పోతుంది. మనవాళ్లు పోరు కదా. అందులోనూ ఆ బర్ల్ గాడు అసలే పోడు."

బర్ల్ హెన్స్‌లీది వాగుకి అవతలి గట్టు. వయసులో ఉండగా జిల్లా బాంజో పోటీలో హోబర్ట్‌ని ఓడించి మొదటి బహుమతి పట్టుకుపోయాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే ఒకడు ఆకాశం కేసి, ఇంకొకడు నేల కేసి చూసుకుంటారు.

మేవిస్ మాటిచ్చింది. తండ్రి వయసు ఆమెకి తెలుసు. ఈసారి తప్పితే మరి దొరకదని, ఆ చేతులు కదులుతుండగా ఒక్కసారి చూసి దాచుకోకపోతే తన కెమెరా ఉండీ లేనట్టేనని ఆమె బాధ.

వరండాలో పొద్దుటెండ సూటిగా మొహం మీద కొడుతుంది. నీడకి షామియానా కావాలి, మార్లీ తెచ్చే వాద్యగాళ్లకి కుర్చీలు కావాలి. మా కొండల్లో ఆ రెండూ ఉండేది అంత్యక్రియలు జరిపించే వాళ్ల దగ్గరే. ఆ వ్యాపారం మేవిస్ పెదనాన్న కొడుకు లెస్టర్‌ది. అతని వ్యాను బాగుచేయించడానికి ఇచ్చి ఉండడంతో, అడిగినవన్నీ శవాల బండిలో వేసుకొచ్చి, షామియానా నిలబెట్టి, కుర్చీలు దించి, "ఉత్సవంలో బార్బెక్యూ అయిపోతుందే, పోతున్నా," అంటూ ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

ఇక మిగిలినవి కెమెరా తంటాలు. కిటికీ అద్దాల్లో వెలుగు మెరుస్తోందని మేవిస్ వాటికి నల్లగుడ్డలు కట్టింది. తలుపు తీసి ఉంచితే హాల్లో నిలువుటద్దం కెమెరాని చూపిస్తోందని దాని మీద దుప్పటి కప్పింది. గోడగడియారం టిక్కుటిక్కులు మైకులో పడుతున్నాయని దాన్ని ఆపేసింది. హోబర్ట్ తన నల్ల సూటు ఇస్త్రీ చేసి మంచం మీద పరిచి, బూట్లు తళతళలాడించి కింద పెట్టాడు. పని బట్టలతోనే బాంజో వెనక మేజోడు కుక్కి, చప్పుడు బయటికి రాకుండా చేసుకుని, ఇంటి వెనక గట్టు మీద మాంసం పొగబెట్టే కొట్టులో సాధన చేసుకోవడానికి వెళ్లాడు. "నువ్వు పిలిచేదాకా రాను," అన్నాడు.

అప్పుడు పక్కింటి ఇమోజీన్ రట్లెడ్జ్ టమాటాల బుట్ట పట్టుకుని వచ్చింది.

దారిలో ఆమెకి లెస్టర్ శవాల బండి ఎదురైంది. మర్యాదగా పక్కకి తప్పుకుని గుండె మీద చెయ్యి వేసుకుంది. వాకిట్లోకి వచ్చేసరికి షామియానా, కుర్చీలు. కుర్చీల వీపుల మీద లెస్టర్ వ్యాపారం పేరు. కిటికీలకి నల్లగుడ్డలు. తలుపులోంచి తొంగి చూసింది. ఆగిన గడియారం, కప్పిన అద్దం. మా కొండల్లో ఇంట్లో మనిషి పోతే మొదట చేసే పనులు ఆ రెండే. తాతముత్తాతల నాటి ఆచారం, చదువుకున్నవాళ్లు కూడా మానరు. మంచం మీద సూటు కూడా కనిపించాక ఇమోజీన్ బుట్ట కింద పెట్టేసింది.

"మేవిస్... అమ్మాయ్... ఏంటే ఇదంతా?"

మేవిస్‌కి సెప్టెంబరు పుప్పొడి పడదు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ముక్కు తుడుచుకుంటూ, దొరికిపోయానే అని కంగారుపడింది. "ఇప్పుడేం అడక్కు పిన్నీ, నీకు దణ్ణం పెడతా. ఎవరికీ చెప్పొద్దని నాన్న నా దగ్గర మాట తీసుకున్నాడు."

"మాట తీసుకున్నాడా!" ఇమోజీన్ కళ్లు తుడుచుకుంది. "ఆయన తీరే అంత. ఎవరికీ శ్రమ ఇవ్వకూడదనుకునే మనిషి. నేనెవరికీ చెప్పనులే తల్లీ."

నిజంగానే ఎవరికీ చెప్పలేదు. చర్చి ప్రార్థనల వరసకి మాత్రం ఒక్క ఫోను చేసింది. ఆ వరసలో ఒకరు ఇంకొకరికి, వాళ్లు మరొకరికి చెబుతారు కనక అది చెప్పడం కిందికి రాదు, ప్రార్థన కిందికి వస్తుంది.

మేవిస్ ఈ లోపు ఫోను కట్టేసి ట్రక్కులో మార్లీ కోసం వెళ్లింది. ఆమె మలుపు తిరిగిందో లేదో, లోయలో ప్రతి పొయ్యీ రాజుకుంది. మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలగకూడదు, ఆకలి ఉండకూడదు అన్నది డ్రై ఫోర్క్ ఆడవాళ్ల పంతం. పంది తొడలు కాలాయి, గుడ్లు ఉడికాయి, అరటిపండ్ల పుడ్డింగులు తయారయ్యాయి. గిన్నె తిరిగి ఇంటికి రావాలి కనక, అడుగున పేరు రాసిన పట్టీ అంటించడం దుఃఖంలో కూడా ఎవరూ మరిచిపోలేదు. బర్ల్ కొడుకులు గడ్డపారలు భుజాన వేసుకుని కొండ మీద శ్మశానానికి నడిచారు. అగ్నిమాపక కేంద్రం మీద జెండా సగానికి దిగింది. మేవిస్ మార్లీతో బయల్దేరిపోయాక, ఉత్సవంలో వేదిక మీద పాడుతున్న కుర్రాడెవరో పాట ఆపి, టోపీ తీసి, "ఈ కొండల పెద్దాయన కోసం" అని మౌనం పాటించాడు. అతను హోబర్ట్ పేరు వినడం అదే మొదటిసారి. అయినా కన్నీళ్లు పెట్టుకున్నాడు, మంచివాడు.

వాద్యగాళ్లు కచేరీ పనుల్లో చిక్కుకుపోవడంతో మార్లీని ఒక్కదాన్నే ఎక్కించుకుని వాగు వంతెన దగ్గరికి వచ్చేసరికి మేవిస్ ట్రక్కు ఆగాల్సి వచ్చింది. ముందు పాస్టరు క్లైడ్ కారు, వెనక పట్టపగలు దీపాలు వెలిగించుకుని బారులు తీరిన బళ్లు. శవయాత్రకి దారివ్వకపోతే మా దగ్గర మనిషిగా లెక్కకట్టరు. మేవిస్ ట్రక్కు పక్కకి తీసి తల వంచింది. మార్లీ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఎవరో పాపం," అంది మార్లీ.

"పెద్దవాళ్లే అయ్యుంటారు. ఎంతమంది వచ్చారో చూడు, పుణ్యాత్ములు," అంది మేవిస్. ఆ బళ్లన్నీ తన ఇంటి మలుపే తిరుగుతున్నాయని గమనించలేదు. వరస ఎంతకీ తెగకపోయేసరికి, వంతెన మీద నిలబడి బళ్లని పంపుతున్న పోలీసు డోయల్‌ని కేకేసింది. "ఎవరు పోయారు డోయల్?"

డోయల్ టోపీ చేతిలోకి తీసుకుని దగ్గరికొచ్చాడు. ఆమెని చూసి నోరెళ్లబెట్టాడు. "మేవిస్! నువ్విక్కడున్నావేంటి? ఇంట్లో ఉండాల్సిన దానివి!"

"ఎవరు డోయల్?"

"అదేంటమ్మా... మీ నాన్నే."

పొద్దున గ్రేవీలో ఉప్పు తక్కువైందని సణిగిన మనిషి. కానీ ఆ వయసులో ఉప్పు గురించి సణగడానికీ, పోవడానికీ మధ్య ఎంత సేపు పడుతుంది? మేవిస్ స్టీరింగు మీద తల వాల్చేసింది. తాను కిటికీలకి గుడ్డలు కడుతూ, మైకులు చూసుకుంటూ గడిపిన పొద్దున ఆయన ఒక్కడే ఆ చీకటి కొట్టులో... కెమెరా ఉండి, వరండా ఉండి, ఆయన ఉండి, ఒక్క పాట పట్టలేకపోయింది. మార్లీ ఆమెని పక్కకి జరిపి, తానే ట్రక్కు తోలింది. ఏడుస్తూ తోలింది కనక కంచె కొంచెం పోయింది.

వాకిట్లో లోయంతా ఉంది. మేవిస్‌ని ఒక్క అడుగు వేయనివ్వకుండా ఆడవాళ్లు కౌగిలించుకున్నారు. "నాన్నేడీ? నాన్నని చూడాలి," అని ఆమె పెనుగులాడుతుంటే, ఇమోజీన్ గట్టిగా పట్టుకుంది.

"లెస్టర్ తీసుకెళ్లాడు తల్లీ. అంతా పద్ధతిగా జరుగుతుంది. ముందు ఒక ముద్ద తిను."

"నాకొద్దు పిన్నీ!"

"వద్దంటే ఎలాగే? ఆ పుడ్డింగు నాది, అందరికంటే ముందు అయిపోయేది అదే," అంటూ ఏడుస్తూనే చెంచా నోటికి అందించింది.

పాస్టరు ప్రార్థన చేసి, "హోబర్ట్ గురించి ఎవరైనా మాట్లాడతారా?" అని అడిగాడు. అప్పుడు చిట్టచివరి వరసలోంచి బర్ల్ హెన్స్‌లీ లేచాడు. చేతిలో బాంజో ఉంది. ఆయన మెల్లగా మెట్లెక్కి, హోబర్ట్ కోసం వేసిన కుర్చీలో కూర్చున్నాడు.

మేవిస్ కన్నీళ్ల మధ్య కెమెరా కేసి చూసింది. నాన్న వాయింపు ఎలాగూ దక్కలేదు, నాన్న గురించి మాటైనా దక్కాలనుకుంది. వెళ్లి మీట నొక్కింది.

"నాకు మాటలు రావు," అని మొదలుపెట్టాడు బర్ల్. "ఒక్కటి చెప్పాలి. ఇన్నేళ్లు చెప్పలేదు, సిగ్గుపడి. ఆ పోటీలో నేను గెలవలేదు. సగంలో వాడి తీగ తెగింది. తెగిన తీగతోనే చివరిదాకా వాయించాడు. నాకు బహుమతి ఇస్తున్నారు, నా చెవుల్లో మాత్రం వాడి బాంజోనే మోగుతోంది. ఇప్పటికీ మోగుతోంది. ఆ ఉత్సవానికి దేశం నలుమూలల నుంచీ పాటగాళ్లు వస్తారు కదా, వాళ్లని చూసి మనం మురిసిపోతాం. ఒరే, వాళ్లంతా ఎవరి దగ్గర నేర్చుకున్నారురా? టెక్సస్ నుంచి వచ్చిన ఈ పిల్లనడగండి. మన దగ్గర! ఈ వరండా దగ్గర! హోబర్ట్ లాంటి వాడు మన మధ్య ఉన్నాడని చెప్పుకుంటేనే చాలు, డ్రై ఫోర్క్ వాడు ఎక్కడైనా తలెత్తుకు తిరగొచ్చు. బతికుండగా వాడితో ఈ మాట అనలేకపోయాను. నా బుద్ధి మండా."

ఏడవని వాడు లేడు. ఎప్పుడూ ఎవర్నీ మెచ్చుకోని లోయ మాది. మెచ్చుకుంటే మాత్రం ఇలాగే ఉంటుంది మరి, పొలం మీద గట్టు తెగినట్టు.

ఈ సమయంలో హోబర్ట్ కుర్చీల వెనక నిలబడి ఉన్నాడు. కూతురు ఎంతకీ పిలవకపోయేసరికి, మాంసం వాసన ముక్కుకి తగిలి కొట్టు దిగి వచ్చాడు. వాకిలి నిండా జనాన్ని చూసి, 'నమ్మి మాట తీసుకుంటే ఊరంతా చాటిందా!' అని ఒళ్లు మండిపోయింది. కేకలు వేయబోయాడు. సరిగ్గా అప్పుడే బర్ల్ మొదలుపెట్టాడు. తెగిన తీగ సంగతి చెవిన పడ్డాక హోబర్ట్ కదల్లేదు. తాను చచ్చిపోయానని మెల్లగా అర్థమైంది. అయినా తొందరపడలేదు. మరి కాస్త చెబుతాడేమోనని చూశాడు.

బర్ల్ కళ్లు తుడుచుకుని బాంజో ఎత్తాడు. "ఇది వాడి పాట. 'ఓనా నడక'. నాకు వచ్చినట్టు వాయిస్తాను."

మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణంలో హోబర్ట్ మొహం ముడుచుకుంది. పోనీలే, ఇంత మంచి మాటలు అన్నాడని ఓర్చుకున్నాడు. బర్ల్ రెండో చరణాన్ని మళ్లీ అందుకున్నాడు. మళ్లీ అక్కడే, అదే తప్పు. ఇక పోయినవాడికి కూడా ఓర్పు నశించింది.

"ఆగరా! అక్కడ ఆగాలి!"

జనమంతా వెనక్కి తిరిగారు. పని బట్టల్లో, చేతిలో మేజోడు కుక్కిన బాంజోతో హోబర్ట్ కుర్చీల మధ్య నుంచి చరచరా వస్తున్నాడు. పాస్టరు క్లైడ్ జీవితమంతా పునరుత్థానం గురించి బోధించినవాడు. ఇప్పుడు మాత్రం షామియానా కర్ర పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఆగకుండా పరిగెడతావేంట్రా?" అంటూ హోబర్ట్ వరండా ఎక్కాడు. "ఓనా అక్కడ ఆగుతుంది. గడప దగ్గర ఆగి, చెప్పుల బురద దులుపుకుని, అప్పుడు లోపలికొస్తుంది. నువ్వు మా ఆవిడని బురద కాళ్లతో నా ఇంట్లోకి తీసుకొచ్చావ్. లే కుర్చీలోంచి!"

బర్ల్ లేచాడు. "నువ్వు... నువ్వు చచ్చావన్నారు కదరా!"

"ఎవడన్నాడు? జరుగు పక్కకి."

మేవిస్ పరిగెత్తుకొచ్చి తండ్రిని పట్టుకుంది. ఆయన మొహమంతా తడిమి చూసింది. "నాన్నా, నాన్నా," అంటూనే ఉంది. హోబర్ట్ కోపం అంతా ఏమైందో, ఆమె తల మీద చెయ్యి వేసి, "ఏడవకే పిచ్చిదానా. వెళ్లి నీ పని చూసుకో, మళ్లీ మూడ్ పోతే నేను వాయించను," అన్నాడు. బాంజోలోంచి మేజోడు లాగి జేబులో పెట్టుకున్నాడు.

మార్లీ గిటారు తీసుకుని మెట్టు మీద కూర్చుంది. ఆయన మొదలుపెట్టాడు. ఆ వంకర వేళ్లు తీగల మీద మొదట నెమ్మదిగా, తర్వాత నిజంగా ఒక ఆడమనిషి వాగు దాటి, గట్టెక్కి, ఇంటికి వస్తున్నట్టు నడిచాయి. రెండో చరణంలో ఆగాయి. ఎవరో గడప దగ్గర నిలబడి బురద దులుపుకున్నంత సేపు. లోయలో ఓనాని ఎరిగినవాళ్లంతా తలుపు కేసి చూశారు. తర్వాత పాట లోపలికి నడిచింది. మార్లీ గిటారు ఆయన వెనకే ఒక్క అడుగు దూరంలో, పెద్దల వెనక నడిచినట్టు నడిచింది. నేను చాలా కచేరీలు విన్నాను. మా ఊరి మట్టి మీద పుట్టినందుకు అంతగా గర్వపడింది మాత్రం ఆ రోజే.

పాట అయ్యాక చప్పట్లు కొట్టాలో ప్రార్థన చేయాలో జనానికి తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో బర్ల్ వంగి చెవిలో అన్నాడు. "మూడో చరణంలో వేలు జారింది."

"జారింది," అన్నాడు హోబర్ట్.

"నేను విన్నాను."

"నువ్వు వింటావని తెలుసు."

అప్పుడు బర్ల్ పెద్ద కొడుకు చెమటతో, మట్టితో కొండ దిగి వచ్చి, జనం మధ్య నుంచి వరండా దాకా నడిచి, "గొయ్యి అయిపోయింది, ఇక..." అంటూ హోబర్ట్‌ని చూసి ఆగిపోయాడు.

"వెంటనే పూడ్చండిరా," అన్నాడు హోబర్ట్. "మా ఆవిడ పక్కనే కదా తవ్వింది. చూసిందంటే నేనింకా రాలేదేమని సణుగుతుంది."

తెచ్చిన తిండి ఎవరూ వెనక్కి తీసుకుపోలేదు. చచ్చినవాడి విందులో చచ్చినవాడే రెండుసార్లు వడ్డించుకోవడం లోయలో అదే మొదలు. సాయంత్రం లెస్టర్ కుర్చీల కోసం వచ్చి, జరిగింది విని, "నన్నొక్క మాట అడగాల్సింది. నేను తీసుకెళ్తే నాకు తెలియదా?" అని నొచ్చుకున్నాడు. ఇమోజీన్ మాత్రం తన తప్పేమీ లేదంటుంది. గడియారం ఆపినవాళ్లని అడగండి అంటుంది.

ఆ చిత్రం ఉత్సవం చివరిరోజు పెద్ద వేదిక మీద తెరకట్టి వేశారు. దేశంలో పేరున్న పాటగాళ్లంతా కింద కూర్చుని చూసి, పని బట్టల్లో ఉన్న మా హోబర్ట్‌కి లేచి చప్పట్లు కొట్టారు. జిల్లా రేడియోవాళ్లకి ఇచ్చే ముందు మేవిస్ తండ్రిని అడిగింది. "కాస్త పొడవైంది నాన్నా. ఎక్కడైనా కత్తిరించాలి."

హోబర్ట్ ఆలోచించకుండానే చెప్పాడు. "నా వాయింపు ఎంతైనా కత్తిరించు. బర్ల్ గాడి మాటల్లో మాత్రం ఒక్క ముక్క పోయిందంటే ఊరుకోను."

మర్నాడు బర్ల్ వాగు దాటి వచ్చి మేవిస్‌ని నిలదీశాడు. ఆ మాటలు వెంటనే తీసేయమన్నాడు. "అవి పోయినవాడి గురించి అన్నవి. బతికున్నవాడికి వర్తించవు!" అన్నాడు. మేవిస్ ఇద్దరి మాటా వినలేదు, అంతా ఉన్నదున్నట్టే పంపింది. హోబర్ట్‌కీ బర్ల్‌కీ మళ్లీ మాటల్లేవు. కాకపోతే ఇప్పుడు రోజూ సాయంత్రం ఒకే వరండాలో పక్కపక్కన కూర్చుని మరీ మాట్లాడుకోకుండా ఉంటున్నారు.